గోడలోపలి తీగె ఎవరికి పట్టింది?

టీవీ ఆగిపోయి తెర మధ్యలో గుండ్రటి చక్రం తిరగడం మొదలెట్టగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఇంటర్నెట్టు కంపెనీకి ఫోను చెయ్యడం. రెండో పని ఇంకాస్త వేగమున్న ప్లానుకి మారడం. మూడోది కొత్త రౌటరు కొనడం. ఈ మూడూ అయ్యాక కూడా చక్రం తిరుగుతూనే ఉంటే "ఈ అపార్ట్‌మెంట్లు ఇంతేలే" అనుకుని ఊరుకుంటాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్ళలో తక్కువైంది వేగం కాదు. టీవీ వెనకనుంచి రౌటరు దాకా గోడలో పడి ఉన్న ఆ నలభై యాభై అడుగుల తీగె సంగతి ఎవరికీ పట్టకపోవడమే అసలు జబ్బు. ఇల్లు కట్టినవాడికి పట్టదు, అద్దెకిచ్చినవాడికి పట్టదు, నెట్టు అమ్మినవాడికీ టీవీ అమ్మినవాడికీ అసలే పట్టదు. ఇక పట్టించుకోవలసింది మనమే.

"ఆఫ్టరాల్ టీవీ, దీనికింత గోలా?" అనేవాళ్ళు ఒక్కసారి జనవరిలో జెర్సీ సిటీకి వచ్చి, విజిటరు వీసా మీద పిల్లల దగ్గర ఉంటున్న ఏ అమ్మనో నాన్ననో పలకరించాలి. బయట గడ్డకట్టిన కాలిబాట, హడ్సన్ మీదనుంచి కోసేసే గాలి. కొడుకూ కోడలూ పాత్ రైలెక్కి పోతారు, మనవలు స్కూలుకి పోతారు. జర్నల్ స్క్వేర్ అవతల న్యూఆర్క్ ఎవెన్యూలో ఇండియా స్క్వేర్ ఉందని పేరే గానీ, ఆ చలిలో, ఆ వయసులో ఒక్కళ్ళూ అక్కడిదాకా నడిచిపోలేరు. మిగిలింది టీవీ. పొద్దున్న భక్తి కార్యక్రమం, మధ్యాహ్నం సీరియలు, మన ఊరి వార్తలు. అది ఆగితే వాళ్ళ రోజు ఆగినట్టే. ఫిర్యాదు చెయ్యరు కూడా. "పిల్లలు అలిసిపోయి వచ్చారు, ఎందుకులే" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు.

అసలు టీవీకి తీగె ఎందుకు, వైఫై ఉండగా? ప్రశ్న సబబైనదే. ఊరి చివర విడిగా ఉన్న ఇంట్లోనైతే నేను కూడా వైఫై చాలంటాను. న్యూపోర్టులోనో ఎక్స్‌ఛేంజ్ ప్లేస్‌లోనో ముప్ఫై నలభై అంతస్తుల మేడలో మాత్రం చాలదు. సోఫాలో కూర్చుని ఫోనులో చూడండి, చుట్టుపక్కల వాళ్ళ నెట్‌వర్కుల పేర్లు ఎన్ని కనిపిస్తాయో. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒకదాని మీద ఒకటి పడకుండా ఈ దేశంలో వాడుకోగలిగిన చానెళ్ళు మూడే మూడు: 1, 6, 11. ఇన్ని ఇళ్ళూ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. ఒకే గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతూ ఉంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు కదా, ఇదీ అంతే.

5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్ళు ఎక్కువే. కానీ అక్కడ మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, చాలామందికి తెలియదు. పెద్ద విమానాశ్రయాల దగ్గర గాలివాటాన్ని కనిపెట్టే వాతావరణ రాడార్లు 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన పక్కనే న్యూఆర్క్ విమానాశ్రయం, నది దాటితే లగ్వార్డియా, కెనడీ. రాడారు చప్పుడు చెవిన పడితే వైఫై రౌటరు ఆ చానెలు ఖాళీ చేసి తీరాలి, అది చట్టం. ఇలాంటి మరో చానెలుకి మారితే, ముందు అక్కడ కనీసం 60 సెకన్లు నోరు మూసుకుని విని, ఎవరూ లేరని తేలాకే మళ్ళీ మొదలెట్టాలి. ఆ నిమిషం సేపూ మీ టీవీలో చక్రం తిరుగుతుంది. మీరేమో నెట్టు కంపెనీని తిట్టుకుంటారు. 2020లో ఎఫ్‌సీసీ 6 గిగాహెర్ట్జ్‌ని తెరిచింది, అక్కడ రద్దీ తక్కువ, కానీ ఇళ్ళల్లో ఉన్న చాలా టీవీల్లో ఆ రేడియోనే లేదు.

పైగా, ఫోను తిరిగే వస్తువు కాబట్టి దానికి వైఫై కావాలి. టీవీ గోడకి మేకేసి బిగించిన వస్తువు. కదలని దానికి గాలిలో మాట ఎందుకు? తీగె వేస్తే అది పక్కవాడితో పోటీపడదు, రాడారుకి భయపడదు, మైక్రోవేవ్ పెట్టినా చలించదు. ఫోనుకీ లాప్‌టాపుకీ గాలిలో కాస్త చోటు కూడా మిగులుతుంది.

ఇక్కడిదాకా చాలామంది ఒప్పుకుంటారు. "మా ఇంట్లో గోడకి జాకు ఉందండీ, టీవీకి తగిలించాం కూడా. అయినా పనిచెయ్యట్లేదు," అంటారు. ఈ వ్యాసం వాళ్ళకోసమే.

ముందు ఆ తీగె లోపలేముందో చూద్దాం. ఎనిమిది సన్నటి రాగి తీగెలు, రెండేసి చొప్పున మెలివేసిన నాలుగు జంటలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ఈ మెలిక అలంకారం కాదు. జంటలో ఒక తీగె మీద పడే బయటి రొద రెండోదాని మీద కూడా అంతే పడుతుంది, అవతలి కొసలో రెండింటి తేడా తీసుకుంటే రొద మాయమైపోతుంది. ఈ కిటుకుకి గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు, టెలిఫోను కోసం. 1995లో వచ్చిన 100 మెగాబిట్ల ఈథర్‌నెట్టుకి ఈ నాలుగు జంటల్లో రెండే చాలు. 1999 నాటి గిగాబిట్టుకి నాలుగూ కావాలి.

ఈ చిన్న లెక్క గుర్తుంచుకుంటే సగం రోగాలు వాటంతటవే చెప్పుకుంటాయి. లాప్‌టాపుని గోడ జాకుకి తగిలించి చూస్తే గిగాబిట్టు రావలసిన చోట 100 మాత్రమే వచ్చిందనుకోండి, నీలం జంటలోనో గోధుమ జంటలోనో ఎక్కడో తీగె తెగిందనో సరిగ్గా కూర్చోలేదనో అనుమానించవచ్చు. చాలా స్విచ్చిల మీద దీపం రంగు మారడం కూడా ఈ సంగతే చెబుతుంది. తమాషా ఏమిటంటే టీవీకి ఈ దెబ్బ తెలియదు. ఎందుకంటే చాలా టీవీల వెనక ఉన్న ఈథర్‌నెట్టు పోర్టు 100 మెగాబిట్లదే, ఖరీదైన టీవీల్లో కూడా. దానికి రెండు జంటలుంటే చాలు.

ఈ 100 పోర్టు గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగే వాదాలు ఇన్నీ అన్నీ కావు. "రెండు వేల డాలర్ల టీవీ, వైఫైలో మూడొందలు చూపిస్తోంది, తీగెకి పెడితే 94 దగ్గర ఆగిపోతోంది, తీగె దండగ" అని ఒకాయన అంటాడు, పది మంది బొటనవేళ్ళు పైకెత్తుతారు. 94 చూపించడం తీగె ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు, జబ్బుకి కాదు. 4కె సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 మెగాబిట్లు. తెలుగు చానెళ్ళకీ, ఆహా లాంటివాటికీ అంత కూడా అక్కర్లేదు. గంటకి ఒకసారి కూడా తడబడని 94, నిమిషానికోసారి మూడొందలనుంచి మూడుకి పడిపోయే వైఫై కంటే టీవీకి వెయ్యి రెట్లు నయం. స్పీడు టెస్టు ఆ ఒక్క అరనిమిషం సంగతే చెబుతుంది, సాయంత్రం తొమ్మిదింటికి మీ పై అంతస్తువాళ్ళందరూ ఇంటికొచ్చాక సంగతి చెప్పదు. ఇంట్లో హార్డు డిస్కులో బ్లూరే సినిమాలు పెట్టుకుని చూసేవాళ్ళకి మాత్రం 100 చాలకపోవచ్చు, 4కె బ్లూరే 128 దాకా పోతుంది. అలాంటివాళ్ళు గిగాబిట్టు పోర్టున్న విడి పెట్టె కొనుక్కోవలసిందే. మిగతావాళ్ళకి ఈ దిగులు అనవసరం.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇది వేగం సమస్యలా వేషం వేసుకొచ్చిన తీగె సమస్య. మాది 2000ల్లో కట్టిన బిల్డింగు. పడక గదిలో ఒక జాకు, హాల్లో ఒక జాకు, బట్టల క్లోజెట్లో తెల్ల రేకు పెట్టె, అందులో అన్ని తీగెలూ వచ్చి కలుస్తాయి, రౌటరు కూడా అక్కడే. కిందటి శీతాకాలం అమ్మా నాన్నా వచ్చినప్పుడు పడక గదిలో రెండో టీవీ పెట్టాం. మొదటి సాయంత్రమే మొదలైంది. హాల్లో పిల్లలు కార్టూను పెడితే లోపల అమ్మ సీరియలు ఆగిపోతుంది. లోపల టీవీ ఆపితే హాల్లోది నడుస్తుంది. రెండూ పెడితే రెండూ తచ్చాడతాయి.

"ఒరేయ్, నెట్టు ఇద్దరికి సరిపోవట్లేదేమోరా, నాకొద్దులే, పిల్లల్ని చూడనీ," అంది అమ్మ.

కంపెనీ తాలూకు టెక్నీషియను కూడా వచ్చి ఇదే మాట ఇంగ్లీషులో అన్నాడు. క్లోజెట్లో రౌటరుకి తన మీటరు తగిలించి చూశాడు, మేం డబ్బు కడుతున్న 300 మెగాబిట్లూ వస్తున్నాయి. "ఇక్కడిదాకా అంతా బాగుంది. టీవీలు ఎక్కువయ్యాయి, పెద్ద ప్లాను తీసుకోండి," అని కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. ఒకటి పెడితే నడుస్తోంది, రెండు పెడితే ఆగుతోంది, కాబట్టి చాలట్లేదు. కానీ లెక్క వేస్తే పొసగదు. రెండు టీవీలూ కలిసి తాగేది పాతిక మెగాబిట్లకి మించదు. 300 వచ్చే కొళాయి కింద రెండు చెంబులు నిండకపోతే తప్పు కొళాయిది కాదు, మధ్యలో గొట్టానిది.

నేను ఆఫీసులో చేసే పనే ఇంట్లోనూ చేశాను: దారిని సగానికి కోసి, ఏ సగంలో రోగముందో చూడటం. టీవీ తీసేసి అదే తీగెకి లాప్‌టాప్ పెట్టాను. ఇది అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, ఎందుకంటే టీవీ తన బాధ చెప్పుకోలేదు, లాప్‌టాపు చెప్పుకోగలదు. హాల్లో లాప్‌టాపు, పడక గదిలో టీవీ ఆపి: లింకు వచ్చింది. పడక గదిలో టీవీ పెట్టగానే లాప్‌టాపు లింకు ఊడిపోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడింది. డేటా నెమ్మదించడం కాదు, అసలు తీగె పీకేసినట్టు దీపమే ఆరిపోవడం. వేగం చాలకపోతే దీపం ఆరదు. అప్పటికి తేలిపోయింది, ఈ రెండు జాకులూ లోపలెక్కడో ఒకదానినొకటి తగులుతున్నాయని. క్లోజెట్లో లెక్క పెడితే రెండు జాకులకి రెండు తీగెలు రావాలి కదా, వచ్చింది ఒకటే.

బిల్డింగు సూపర్‌ని అడిగి, ఆయన ఎదురుగానే పడక గది ప్లేటు విప్పాం. ఒకే జాకు వెనక రెండు తీగెలు, రంగుకి రంగు కలిపి బిగించి ఉన్నాయి. ఒకటి క్లోజెట్టునుంచి వస్తోంది, రెండోది హాల్లోకి పోతోంది. కట్టిన రోజుల్లో టెలిఫోను అనుకుని వేశారన్నమాట. టెలిఫోనుకి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఇంట్లో నాలుగు ఫోన్లూ ఒకే జంట మీద మోగుతాయి. ఈథర్‌నెట్టు తీగెకి మాత్రం ఇటొకరు, అటొకరు, ఇద్దరే ఉండాలి. మధ్యలో మూడోవాడు దూరితే ముగ్గురి మాటా కలగాపులగమే. టీవీ ఆపి ఉన్నప్పుడు ఆ కొమ్మ నోరు మూసుకుంటుంది కాబట్టి, తీగె పొట్టిది కాబట్టి, ఎలాగోలా నెట్టుకొచ్చింది. తీగె రకం మాత్రం మంచి క్యాట్ 5ఈ, గిగాబిట్టుకి సరిపోయేదే. సరుకు మంచిది, కలిపిన తీరే తప్పు.

మందు చవకే. రెండు తీగెలనీ విడదీసి రెండు వేరు జాకులకి బిగించి, అక్కడ అయిదు పోర్టుల చిన్న స్విచ్చి ఒకటి పెట్టాం. ఇరవై డాలర్ల లోపు ఖర్చు, సూపర్‌కి ఒక టీ. పెద్ద ప్లానుకైతే నెలనెలా అంతకంటే ఎక్కువ కడుతూ ఉండేవాళ్ళం, రెండు టీవీలూ అలాగే తచ్చాడుతూ ఉండేవి.

మరి ఇంతమంది ఉండి ఇది ఎవరికీ ఎందుకు పట్టలేదు? నాన్న ఆ రోజే ఒక మాటన్నాడు. "మన ఊళ్ళో అయితే కేబులు అబ్బాయి బొమ్మ వచ్చేదాకా గుమ్మం దిగడురా." నిజమే. మా ఊళ్ళో ఇప్పుడు ఫైబరునెట్టు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్, నెలకి 149 రూపాయలకి టీవీ, నెట్టు, ఫోను మూడూ కలిపి ఇస్తామని వచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా తీగె లాగారు, ఇంట్లో ఒక పెట్టె పెట్టారు. దాని మంచిచెడ్డలు వేరే పెద్ద కథ. ఇక్కడ నాకు కావలసింది ఒకటే: తీగె, పెట్టె, బొమ్మ మూడింటికీ ఆ ఊరి ఆపరేటరే జవాబుదారీ. మోటారుసైకిలు మీద వచ్చినవాడు టీవీ ముందు నిలబడి బొమ్మ చూసి, "వచ్చిందాండీ?" అని అడిగి వెళతాడు.

ఇక్కడ ఆ బాధ్యతని ముక్కలు చేసి పంచేశారు. కేబులు కంపెనీల విషయంలో ఎఫ్‌సీసీ గీసిన గీత అయితే మరీ విచిత్రం: అపార్ట్‌మెంట్లలో వాళ్ళ తీగె మీ ఇంట్లోకి వచ్చే చోటుకి సుమారు 12 అంగుళాల అవతల హద్దు. ఆ అడుగు దాటాక లోపలంతా మీదో, మీ ఇంటి యజమానిదో. హద్దు ఉండటంలో తప్పులేదు, నిజానికి అది వాడుకదారు మంచికే పెట్టారు, కంపెనీ మారినప్పుడు పాతవాడు లోపలి తీగె పీక్కుపోకుండా. కానీ హద్దుకి ఇవతల దిక్కెవరో మాత్రం ఎవరూ చెప్పరు. టెక్నీషియను రౌటరు దగ్గర ఆగిపోతాడు, టీవీ కంపెనీ ఫోనులో "మీ నెట్‌వర్కు చూసుకోండి" అంటుంది, లీజింగు ఆఫీసు "అది మా పరిధి కాదు" అంటుంది.

ప్రభుత్వం చూపు కూడా హద్దుకి అవతలే ఉంది. ఒకే కంపెనీకి బిల్డింగు రాసిచ్చే ఒప్పందాలని టీవీ విషయంలో 2007లో ఎఫ్‌సీసీ కాదంది, 2022లో అలాంటి మరికొన్ని దొడ్డిదారి ఆదాయ ఒప్పందాలని మూసింది. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద నెట్టు కంపెనీలు ప్లాను ధర, వేగం, ఆలస్యం అన్నీ మందుసీసా మీద చీటీలాగా చూపించాలని నియమం పెట్టింది. మంచి పనులే. అయితే అద్దె ఇంటి ప్రకటనలో "హై స్పీడు ఇంటర్నెట్టుకి సిద్ధం" అని రాసినవాడు, ఆ గోడలో తీగె ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో, ఎవరైనా మీటరు పెట్టి చూశారో లేదో చెప్పనక్కర్లేదు. పొయ్యి వెలుగుతుందో లేదో చూపించి ఇల్లు అప్పగిస్తారు, నీళ్ళు తిప్పి చూపిస్తారు. జాకు మాత్రం బొమ్మ జాకు అయినా అడిగే నాథుడు లేడు. నా ఉద్దేశంలో బిల్డింగులు చెయ్యవలసింది కష్టమైన పనేమీ కాదు: ఏ జాకు ఏ తీగెదో ఒక చీటీ, ప్రతి తీగెకీ ఒక పరీక్ష, అద్దెకి దిగేవాడి చేతికి ఒక కాగితం.

పరీక్ష అంటే పది డాలర్ల దీపాల టెస్టరు కాదని కూడా చెప్పాలి. అది ఒకటో తీగె ఒకటికి, రెండోది రెండుకి తగిలిందా అన్నదే చూస్తుంది. ఎవరో మేధావి రంగుల వరస పాటించకుండా, జంటల్ని పక్కపక్కనే ఒకటి-రెండు, మూడు-నాలుగు, అయిదు-ఆరు, ఏడు-ఎనిమిది అని బిగించాడనుకోండి. రెండు కొసల్లోనూ అలాగే బిగిస్తే ఎనిమిది దీపాలూ చక్కగా వరసగా వెలుగుతాయి. కానీ ఈథర్‌నెట్టుకి మూడూ ఆరూ ఒకే జంట కావాలి. ఇక్కడ అవి రెండు వేరు వేరు జంటల్లోనుంచి వచ్చాయి, కాబట్టి బెల్ గారి మెలిక గంగలో కలిసింది. దీపం వెలుగుతుంది, లింకు వస్తుంది, డేటా మాత్రం రాలిపోతూ ఉంటుంది. ఎవరికీ అంతుపట్టని "అప్పుడప్పుడు ఆగుతోందండీ" జబ్బుల్లో ఇదొకటి. ప్లేటు విప్పి రంగులు చూస్తే నిమిషంలో తెలుస్తుంది. 568ఏ, 568బి అని రెండు వరసలున్నాయి, ఏదైనా ఫరవాలేదు, రెండు కొసలకీ ఒకటే ఉండాలి. ఒక కొస ఏ, ఇంకో కొస బి అయినా నేటి స్విచ్చిలు చాలావరకు తామే సర్దుకుంటాయి, దాని గురించి పాతకాలం వాళ్ళు చేసినంత రాద్ధాంతం ఇప్పుడక్కర్లేదు.

ప్లేటు విప్పేదాకా పోకముందే టీవీని అడగవలసిన ప్రశ్న ఒకటుంది. నెట్‌వర్కు వివరాల తెరలో దాని చిరునామా చూడండి. 169.254తో మొదలైతే, టీవీ "నాకో చిరునామా ఇవ్వండి" అని అరిచింది, ఎవరూ పలకలేదు, తనే ఒకటి పెట్టుకుందని అర్థం. తీగె చూడాలి, లేదా రౌటరు చూడాలి. 192.168 లాంటి మామూలు చిరునామా వచ్చి కూడా సినిమా రాకపోతే తీగెని కాసేపు వదిలెయ్యండి, గొడవ పైనెక్కడో ఉంది. కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మీరు కొన్న రౌటరు ఒకటి, రెండూ నేనే పెద్దనని చిరునామాలు పంచుతున్న ఇళ్ళు బోలెడు. అలాంటిచోట ఫోను ఒకరి కొలువులో, టీవీ ఇంకొకరి కొలువులో ఉంటాయి, ఫోనులోంచి బొమ్మ టీవీకి పంపబోతే ఒకరికొకరు కనపడరు.

ఆ తెర కూడా చూడకుండా టీవీని ఫ్యాక్టరీ రీసెట్టు చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాస్‌వర్డులన్నీ పోయి, అమ్మకి అలవాటైన బొమ్మల వరసంతా మారిపోయి, తీగె మాత్రం ఎప్పటిలాగే తెగి ఉంటుంది.

హైట్స్‌లోనూ జర్నల్ స్క్వేర్ చుట్టుపక్కలా ఉన్న పాత రెండు మూడు కుటుంబాల ఇళ్ళల్లో ఈ జాకులే ఉండవు. గోడకి కన్నం వెయ్యడానికి యజమాని ఒప్పుకోడు. అక్కడ కూడా చేతులెత్తెయ్యక్కర్లేదు. ప్రతి గదిలోనూ పాత కేబులు టీవీ తీగె, ఆ బొద్దుపాటి కోయాక్స్, పడి ఉంటుంది. దాని మీదనే ఈథర్‌నెట్టు నడిపే పద్ధతి మోకా. రెండు కొసల్లో రెండు పెట్టెలు పెడితే చాలు, కొత్త రకాలు రెండున్నర గిగాబిట్ల దాకా పోతాయి. కరెంటు ప్లగ్గుల ద్వారా పంపే పెట్టెల కంటే ఇది ఎంతో నికరం, పాత ఇళ్ళ కరెంటు వైరింగు మీద నాకైతే నమ్మకం లేదు. మోకా పెట్టేటప్పుడు చూసుకోవలసినవి రెండు. గోడలోనో బేస్‌మెంట్లోనో దాగిన పాత స్ప్లిట్టరు మీద 1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటే తీసెయ్యండి, మోకా నడిచేది అంతకు పైన, 1675 దాకా ఉన్నది కావాలి. డిష్షు యాంటెన్నా తీగె మీద మాత్రం పెట్టకండి, రెండూ ఒకే మేరలో కొట్టుకుంటాయి. ఇక తీగె ఇంట్లోకి వచ్చే చోట వేలెడంత ఫిల్టరు ఒకటి బిగించాలి, పది డాలర్లుంటుంది. అది లేకపోతే మీ నెట్‌వర్కు అదే తీగె మీదుగా కింది ఇంటివాళ్ళ గోడదాకా పోతుంది, వాళ్ళూ మోకా పెట్టుకుంటే రెండిళ్ళూ కలిసిపోతాయి.